కాలుష్య పరీక్ష కాగితానికేనా?



ప్రతి సంవత్సరం మన సంచికలో చదువు, ఉద్యోగాలు, మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకుంటున్నాం. అవి రాయవలసినవే. ఈసారి మేము మన గేటు ముందు నుండి పొద్దంతా, రాత్రంతా పోయే బండ్ల పొగ గురించి రాయదలచుకున్నాం. పొగ గురించి చెప్పడానికి మీరేమన్నా సైంటిస్టులా అని ఎవరైనా అడగవచ్చు. ఆ బండ్ల మీద బతికేది మనమే, ఆ పొగ పీల్చేది కూడా మనమే. మన ఇళ్లలో ఒకరు ఆటో నడుపుతారు. ఒకరు టిప్పర్ మీద క్లీనర్. ఒకరిది రోడ్డు పక్కన పంక్చర్ షాపు. మాలాంటి వాళ్లం ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ పట్టా అందుకున్నామంటే, మా ఫీజుల వెనుక ఏదో ఒక బండి కిరాయి డబ్బులు ఉన్నాయి. అందుచేత ఈ విషయం మాట్లాడే హక్కు మనకు అందరికంటే ఎక్కువే ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బండి తయారయ్యే ఫ్యాక్టరీ దాకా మన దేశంలో కాలుష్య చట్టం బాగానే వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాటి బండి రోడ్డెక్కిన తర్వాత మాత్రం ఆ చట్టం కాగితాన్ని చూస్తున్నది తప్ప, పొగను ఆపే పరికరాన్ని చూడడం లేదు. ఈ లోటు వల్ల ఎక్కువ నష్టపోతున్నది నగర శివార్లలో ఉన్న మనలాంటి వాళ్లం.

మన ఊళ్లు ఎక్కడున్నాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పెద్దవాళ్లు ఇంకా పాత అలవాటు కొద్దీ 7వ నంబరు రోడ్డు అంటారు. శ్రీనగర్ నుండి కన్యాకుమారి దాకా పోయే ఈ రోడ్డు దేశంలో అన్నిటికంటే పొడవైనది. షామీర్‌పేట మీదుగా కరీంనగర్, రామగుండం వైపు రాజీవ్ రహదారి పోతుంది. ఈ రెండింటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 2018లో కండ్లకోయ దగ్గర చివరి ముక్క తెరవడంతో అది పూర్తయింది. ఈ రోడ్ల వల్ల మనకు మేలు జరగలేదని మేము అనడం లేదు. పనులు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి. కానీ పట్నం లోపల రద్దీ తగ్గాలంటే లారీలను బయటి నుండి పంపాలన్నారు. పట్నం లోపల పొగ తగ్గాలంటే సెవెన్ సీటర్ డీజిల్ ఆటోలను శివార్లకు పంపాలన్నారు. పట్నానికి అది పరిష్కారమే. అయితే ఆ 'బయట' ఖాళీగా లేదు. అక్కడ మన ఇళ్లున్నాయి, మన బడులున్నాయి, మన హాస్టళ్లున్నాయి.

ఇక బండి పొగలో ఏముంటుందో చూద్దాం. ఇంధనం పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు వస్తాయి. ఇంజన్ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. డీజిల్ బండ్ల నుండి వీటికి తోడు నల్లటి మసి వస్తుంది. ఆ మసిలో కంటికి కనిపించని కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చి చెప్పింది. రోజుకు పది పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండే డ్రైవరు, ట్రాఫిక్ కానిస్టేబులు, పండ్ల బండి అమ్మ, రోడ్లు ఊడ్చే కార్మికురాలు ఈ పొగను అందరికంటే ముందు పీలుస్తారు.

హైదరాబాదుకు ఈ సమస్య కొత్తది కాదు. 2003 ఆగస్టులోనే సుప్రీంకోర్టు గాలి బాగాలేని నగరాల పేర్లు చెబుతూ అందులో హైదరాబాదును చేర్చింది. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించినప్పుడు ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో హైదరాబాదు ఉంది, మన రాష్ట్రం నుండే నల్లగొండ, పటాన్‌చెరు కూడా ఉన్నాయి. ఈ గాలి చెడిపోవడానికి బండ్లు ఒక్కటే కారణం కాదు. రోడ్డు దుమ్ము ఉంది, కట్టడాల దుమ్ము ఉంది, చెత్త కాల్చడం ఉంది, పరిశ్రమలు ఉన్నాయి. అయినా బండి పొగ మన ముక్కుకు అతి దగ్గరగా వదిలే విషం. దాన్ని ఆపే పరికరం ఏమిటో, ఎలా పని చేస్తుందో కూడా తెలిసిందే. తెలిసిన మందు ఉండి కూడా వేయకపోవడమే మా బాధ.

ఆ మందు గురించి నాలుగు మాటలు. పెట్రోలు బండి సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టు లాంటి సన్నని గదులుంటాయి. వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత ఉంటుంది. పొగ ఆ గదుల గుండా పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోకార్బన్లు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా మారతాయి. డీజిల్ బండిలో మసిని పట్టి కాల్చే ఫిల్టర్ ఉంటుంది. కొత్త లారీలు, బస్సులలో యూరియా ద్రావణాన్ని పొగలోకి చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్, నీరుగా మార్చే ఏర్పాటు కూడా ఉంది. డ్రైవర్లు ఆ ద్రావణాన్ని డెఫ్ అంటారు. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా ఉంటుంది. పొలంలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే ఆ ఏర్పాటు మొత్తం పాడవుతుంది.

ఈ పరికరాలు సున్నితమైనవి. కన్వర్టర్ వేడెక్కితేనే పని చేస్తుంది. సీసం కలిసిన పెట్రోలు దాన్ని చంపేస్తుంది. అందుకే 1995లో నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోలు కూడా తెచ్చారు. 2000 నాటికి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. గంధకం ఎక్కువున్న డీజిల్, కిరోసిన్ కలిపిన ఇంధనం, పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ తాగే ఇంజన్ కూడా ఈ పరికరాలను పాడు చేస్తాయి. కాబట్టి పరికరం, ఇంధనం, ఇంజన్ సర్వీసింగ్ ఈ మూడూ బాగుంటేనే పొగ తగ్గుతుంది. ఒకటి చెడితే మిగతా రెండూ దండగే.

ఇప్పుడు చట్టం సంగతి. మన దేశంలో బండ్ల పొగకు భారత్ స్టేజ్ ప్రమాణాలున్నాయి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 13 నగరాలలో భారత్ స్టేజ్ 4 అమలు చేశారు. మిగతా దేశానికి భారత్ స్టేజ్ 3 చాలన్నారు. అంటే ఏడేళ్లపాటు పట్నానికి ఒక రూలు, ఊరికి ఒక రూలు. 44వ నంబరు రోడ్డు మీద పోయే లారీ ఏ ఊరి హద్దు దగ్గరా పొగ మార్చుకోదు కదా! 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా స్టేజ్ 4 వచ్చింది. ఆ తర్వాత స్టేజ్ 5ను వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుండి నేరుగా స్టేజ్ 6కు వెళ్లాం. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగలిగే మసి 25 మిల్లీగ్రాముల నుండి 4.5కు, నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుండి 80కి దిగాయి. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లలో 50 ఉండేది 10కి తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. కంపెనీలు గడువు అడిగినా 2018 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గట్టిగా నిలబడితే పని జరుగుతుందనడానికి ఇది నిదర్శనం.

అయితే ఈ ప్రమాణాలన్నీ కొత్త బండ్లకే. ఒక ఉదాహరణ చూడండి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు స్టేజ్ 3 బండ్ల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. అప్పటికి కంపెనీల దగ్గర అమ్ముడుపోనివి 8 లక్షలకు పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలే. మిగిలిన రెండు రోజుల్లో వేల రూపాయలు తగ్గించి అమ్మారు. షోరూముల ముందు జనం బారులు తీరారు. మన ఇళ్లలో కొన్నింటికి మొదటి బండి ఆ రెండు రోజుల్లోనే వచ్చింది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు. అంటే ఆ బండ్లు 2032 దాకా, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకుంటే ఇంకా ముందుకు కూడా నడుస్తాయి. ఈరోజు మంచి రూలు పెట్టినా రోడ్డు మీద దాని ఫలితం పూర్తిగా కనబడడానికి ఇన్నేళ్లు పడుతుంది. ఈ మధ్యకాలంలో పాత బండ్లను ఎవరు చూడాలి? వాటి కోసమే పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టారు.

ఆ సర్టిఫికెట్ సంగతి మనందరికీ తెలుసు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 115వ నియమం ప్రకారం ప్రతి బండికీ అది ఉండాలి. స్టేజ్ 4, స్టేజ్ 6 బండ్లకు ఏడాదికొకసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించాలి. రోడ్డు పక్కన ఆగిన వ్యాను దగ్గరికి పోతే సైలెన్సర్ గొట్టంలో పైపు పెట్టి కొలవాలి. కొన్నిచోట్ల పైపు బయటికే రాదు. నంబరు ప్లేటు ఫోటో తీస్తారు, డబ్బులు తీసుకుంటారు, కాగితం చేతిలో పెడతారు. నల్లగా పొగ కక్కే ఆటోకు, నిన్న షోరూం నుండి వచ్చిన బండికి ఒకే రకం కాగితం దొరికితే ఇక ఆ పరీక్షకు అర్థమేముంది?

సరిగ్గా పరీక్ష చేసినా దానిలో లోపముంది. పెట్రోలు బండి నిలబడి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. డీజిల్ బండికి ఎక్సలేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. సన్నని కణాల బరువునూ కొలవరు. స్టేజ్ 6 వచ్చిందే ప్రధానంగా ఈ రెండింటిని తగ్గించడానికి. లోపల ఫిల్టర్ పగిలిపోయినా, ఎవరో తీసేసినా, యూరియా ఖర్చు మిగుల్చుకోవడానికి సెన్సారును మోసం చేసే పరికరం తగిలించినా ఈ పరీక్షలో దొరకకపోవచ్చు. పెద్ద కంపెనీలు కూడా ఇటువంటి మోసానికి తక్కువ తినలేదు. పరీక్ష సమయంలో మాత్రం పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్‌ను కార్లలో పెట్టినట్టు 2015 సెప్టెంబరులో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బయటపడింది. మన దేశంలోనూ మూడు లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. పరీక్ష గదిలో ఒక లెక్క, రోడ్డు మీద ఒక లెక్క ఉంటున్నదని తెలిసిన తర్వాతే 2023 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త కార్లను నిజమైన రోడ్డు మీద నడిపి పరీక్షించే పద్ధతి వచ్చింది.

ఇక్కడ మనవాళ్లు కొందరు ఒక మాట అంటారు. "పేదోడి బండి మీదనే పడతారేంది? పాత ఆటో నడుపుకునేటోని జోలికి పోకండి" అని. ఈ మాటలో న్యాయం ఉంది. 2019లో సవరించిన చట్టంలో కాలుష్య ప్రమాణాలు మీరితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత కూడా రాశారు. పదివేలంటే ఆటో నడిపే ఇంట్లో పిల్ల కాలేజీ ఫీజు. కన్వర్టర్ మార్చాలంటే కూడా వేలల్లో ఖర్చు. అందుకే జరిమానాకు భయపడి వంద రూపాయల కాగితం కొనుక్కోవడమే తేలిక అనిపిస్తుంది. ఆ తప్పు డ్రైవరుది కాదు. అలా నడిచేటట్టు ఏర్పాటు చేసిన పద్ధతిది.

కానీ జోలికి పోవద్దు అంటే మేము ఒప్పుకోం. పాత ఆటో పొగ మొదట పోయేది ఆ ఆటో నడిపే అన్న ఊపిరిలోకే. తర్వాత వెనుక కూర్చున్న మన చెల్లెళ్ల ఊపిరిలోకి. పేదరికం పేరు చెప్పి పేదవాడిని పొగలో వదిలేయడం దయ కాదు. అలాగే "ఇంక అన్నీ కరెంటు బండ్లే వస్తాయి, ఈ పరికరాల గోల ఎందుకు" అనే వాళ్లకు కూడా ఒక మాట. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది. మంచి పనే. కానీ మన రోడ్ల మీద పోయే లారీలు, టిప్పర్లు, పాత బైకులు రేపటికి రేపు మాయం కావు. అవి ఉన్నన్నాళ్లూ వాటి పొగను ఆపవలసిందే.

మన వయసు వాళ్లతో ఒక మాట. బుల్లెట్‌కు, బైకుకు కంపెనీ సైలెన్సర్ తీసేసి పటపటమనే సైలెన్సర్ పెట్టించడం గొప్ప అనుకుంటున్నాం. హైదరాబాదులో పోలీసులు అటువంటి సైలెన్సర్లను కుప్ప పోసి రోడ్డు రోలరుతో తొక్కించారు. అందరూ చప్పుడు గురించే మాట్లాడారు. ఇప్పటి బైకులలో కన్వర్టర్ ఆ సైలెన్సర్ దారిలోనే ఉంటుంది. సైలెన్సర్ మొత్తం మారిస్తే చాలా బండ్లలో అదీ పోతుంది. అంటే చప్పుడుతో పాటు విషాన్ని కూడా కొని తెచ్చుకుంటున్నామన్నమాట.

మరి ఏం చేయాలి? మేము కొన్ని సూచనలు ముందుకు తెస్తున్నాం.

మొదటిది, పరీక్ష నిజంగా జరగాలి. పైపు పెట్టకుండా ఇచ్చే కాగితానికి బండి యజమాని మీద కాకుండా ఇచ్చిన వాళ్ల మీద కేసు పెట్టాలి. కొత్త బండ్లలో లోపలి కంప్యూటరే ఏ సెన్సారు చెడిందో రాసి పెట్టుకుంటుంది. రవాణా వాహనాలు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు రావలసిందే. అప్పుడు ఆ కంప్యూటరు లెక్క చదవాలి, ఫిల్టర్, కన్వర్టర్ ఉన్నాయో లేవో బండి కిందికి వంగి చూడాలి.

రెండవది, నిఘా దుకాణం మీద కూడా ఉండాలి. నాసిరకం కన్వర్టర్లు, ఖాళీ గొట్టాలు, సెన్సారును మోసగించే పరికరాలు అమ్మేవాళ్లను వదిలి, కొనుక్కున్న డ్రైవరును పట్టుకోవడం న్యాయం కాదు.

మూడవది, జరిమానాకు ముందు మరమ్మతు. మొదటిసారి పట్టుబడిన బండికి గడువు ఇవ్వాలి, పాత ఆటోలు, గూడ్స్ బండ్లకు పరికరం మార్చుకోవడానికి సబ్సిడీ ఇవ్వాలి. 2021లో మొదలైన దళితబంధులో పది లక్షల సాయంతో మనవాళ్లు చాలామంది కార్లు, ట్రాక్టర్లు, గూడ్స్ బండ్లు తీసుకున్నారు. బండి ఇప్పించడంతో సాయం ఆగిపోకూడదు. ఎస్సీ కార్పొరేషన్ రుణాలలో మరమ్మతుకు, పాత బండి ఇచ్చి కరెంటు బండి తీసుకోవడానికి కూడా చోటుండాలి. 2025లో ఔటర్ లోపల ఎలక్ట్రిక్, సి.ఎన్.జి., ఎల్.పి.జి. ఆటోలకు కొత్త పర్మిట్లు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఔటర్ గీత మీదనే ఉన్న మేడ్చల్, షామీర్‌పేట డ్రైవర్లకు అందులో వాటా దక్కాలి. గీతకు అవతల మళ్లీ డీజిల్ పొగే మిగలకూడదు.

నాలుగవది, మన బస్సులు. సి.ఎన్.జి. పంపిణీ చేసే భాగ్యనగర్ గ్యాస్ వారి మదర్ స్టేషన్ మన షామీర్‌పేటలోనే ఉంది. అప్పట్లో మేడ్చల్, హకీంపేట డిపోల నుండి ఆర్.టి.సి. సి.ఎన్.జి. బస్సులు నడిపింది కూడా. 2025లో పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అవి ఐటీ కారిడార్ల వైపే పోకుండా, సికింద్రాబాదు నుండి మేడ్చల్ వచ్చే 229 లాంటి రూట్లకు, షామీర్‌పేట రూట్లకు కూడా రావాలి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. వచ్చింది, దాని ట్రిప్పులు పెంచాలి. 2025 జనవరిలో మేడ్చల్, షామీర్‌పేటలకు మెట్రో డి.పి.ఆర్. తయారు చేయమన్నారు. మెట్రో వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోలేం కాబట్టి బస్సు, రైలు ముందు కావాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవి. మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. కంపెనీ సైలెన్సర్ తీయించొద్దు. ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ సకాలంలో మార్పించాలి. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగితే దాని మీద టేపు అతికించకుండా మెకానిక్‌కు చూపించాలి. ఐ.టి.ఐ.లో చదివే తమ్ముళ్లు ఈ కన్వర్టర్లు, సెన్సార్ల పని నేర్చుకోవాలి. రేపు ఈ పరీక్షలు నిజంగా మొదలైతే పని తెలిసిన చేతులు కావలసి వస్తాయి, ఆ చేతులు మనవెందుకు కాకూడదు?

పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఇప్పుడు రవాణా శాఖలో, ఆర్.టి.సి.లో, కంపెనీలలో, గ్యారేజీలలో ఉన్నారు. మీకు మా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవం నాడు మన హాస్టల్ ఆవరణలో ఒక ఉచిత పొగ పరీక్ష శిబిరం పెడదాం. మన నాయనలు, అన్నలు నడిపే ఆటోలు, బైకులు తెద్దాం. గొట్టంలో పైపు పెట్టి కొలిపిద్దాం. ఫెయిలైన బండికి జరిమానా ఉండదు, ఏం బాగు చేయించాలో, ఎంత అవుతుందో ఒక చీటీ రాసి ఇద్దాం. వాటిలో కొన్నింటికైనా అక్కడికక్కడే సాయం చేద్దాం. ఆ లెక్కలన్నీ కలిపి జిల్లా కలెక్టరు గారికి, రవాణా అధికారులకు వినతిపత్రంగా ఇద్దాం. పైపు పెట్టి కొలిచిన పరీక్ష ఎలా ఉంటుందో, ఫెయిలైన మనిషికి సాయం ఎలా చేయాలో మనమే ముందు చేసి చూపిద్దాం.